జేజి ఆగినా అంచు ఆగలేదు

మనిషి ఆగితే అన్నీ ఆగిపోతాయనుకునే వాళ్లతో నాకు పడదు. పరుగెత్తుకొచ్చిన పిల్ల గుమ్మం దగ్గర టక్కున ఆగిందనుకోండి. కాళ్లు ఆగుతాయి. జడ ఆగదు. అది వీపు మీదినుంచి ముందుకొచ్చి, భుజానికి తగిలి, వెనక్కి పోయి, అప్పుడు ఊరుకుంటుంది. చెవి జూకాలు ఇంకాసేపు ఊగుతాయి. చున్నీ కొసకైతే అసలు తొందరే ఉండదు. అట్లా వెనకబడి వచ్చే కదలికలన్నీ గీయడమే నా ఉద్యోగం. యానిమేషన్‌లో దానికి మర్యాదైన ఇంగ్లీషు పేర్లున్నాయి గానీ మా ఆఫీసులో మాత్రం తోకల పని అంటారు. నన్ను తోకల షాహనా అంటారు. అననీ. తోక ఊగని కుక్కను గీసి చూడమనండి, అది బొమ్మో బతికిందో తెలుస్తుంది.

మా ఆఫీసు నెల్లూరులో ఒక బట్టల కొట్టు పైన, రెండో అంతస్తులో ఉంది. పన్నెండు కంప్యూటర్లు, పన్నెండు మంది మనుషులు. హైదరాబాదులో ఒక కంపెనీ పిల్లల సీరియల్ తీస్తూ, పనిని ముక్కలు చేసి మాకు పంపుతుంది. ముఖాలు, నడకలు, మాటకు తగ్గట్టు పెదాలు కదలడం అంతా అక్కడే అయిపోతుంది. జడలు, కొంగులు, పడవ తాళ్లు, కుక్క తోకలు ఇక్కడికి వస్తాయి. అవి అయ్యాక ఎపిసోడ్ కూర్చి పంపేదీ మేమే. నాలుగేళ్లుగా తోటపల్లి గూడూరు నుంచి రోజూ బస్సులో వచ్చి అవి చేసిపోతున్నాను.

ఆ సీరియల్, సముద్రం పక్క ఊళ్లో గంగాభవాని అనే పిల్ల చేసే అల్లరి. తొమ్మిదో ఎపిసోడ్‌లో బురఖా వేసుకున్న ఒక అవ్వ వస్తుంది. గాలివాన ముందు ఆ పిల్ల తెప్ప తోసుకుని లోపలికి పోతుంటే, అవ్వ ఇసుకలో పరుగెత్తుకొచ్చి నీళ్ల అంచున ఆగి కేక వేస్తుంది. నాలుగు సెకన్లు. ఆమె పాత్ర అంతే. కానీ నాలుగేళ్లలో నా చేతికి ఒక బురఖా రావడం అదే మొదలు. ఆరు రోజులు దాని మీదే కూర్చున్నాను.

అవ్వ కాళ్లు నీళ్లకు జానెడు దూరంలో ఆగుతాయి. అంతవరకు హైదరాబాదు వాళ్లు చేసిందే. ఆ తర్వాత నాది. ఎదురుగాలికి బట్ట ఒంటికి అతుక్కుపోతుంది. కింది అంచు మాత్రం గాలిని లెక్క చెయ్యదు. బరువుగా ముందుకు ఊగి, అలలో మునిగి, తిరిగొచ్చి మడమలకు తగిలి అప్పుడు నిలుస్తుంది. సెకనుకు ఇరవై నాలుగు ఫ్రేములు మాకు. మనిషి ఆగిన పద్నాలుగు ఫ్రేములకు అంచు ఆగింది. భయం ఆమె కాళ్లను ఆపింది గానీ ఆమె మనసు ఆ పిల్ల వెంట నీళ్లలోకి పోయింది అనిపించింది నాకు. చేసి చూసుకుని నేనే కళ్లు తుడుచుకున్నాను. చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు.

సోమవారం జడ్సన్ సార్ వీడియో కాల్‌లోకి వచ్చాడు. సీరియల్ అంతటికీ పెద్ద ఆయనే. సొంతూరు కావలి, హైదరాబాదులో ఎన్నేళ్లున్నా మాటలో యాస పోలేదు. నా షాట్ రెండుసార్లు వేయించుకుని చూశాడు.

"ఎవరమ్మా ఈ బురఖా చేసినది?"

"నేనే సార్."

"అంచు ఏంది, అంత ఆలస్యంగా వస్తా ఉండాది? ఏంది ఆ బరువు? అవ్వ బురఖాలో ఇటుకలు కట్టుకోనుండాదా?"

ఆఫీసంతా నవ్వింది. కోపం వస్తే నేను ముందూ వెనకా చూడను.

"బురఖా అట్టానే ఊగుతుంది సార్. మీ ఇంట్లో ఎవరన్నా వేసుకుంటారా? మా ఇంట్లో ముగ్గురం వేసుకుంటాం. బురఖా సంగతి నాకు చెప్పబాకండి."

పక్క కుర్చీలోంచి విజయభాస్కరన్న బల్ల కింద నా కాలు తొక్కాడు. ఆయన మా టీమ్‌కు పెద్ద. మంచివాడే గానీ ఎవరితోనూ తగవు పెట్టుకోని మంచితనం ఆయనది. పైనుంచి ఏ మాట వచ్చినా "అట్టాగే సార్" అనడం తప్ప ఇంకో జవాబు ఆయన నోట నేను వినలేదు.

జడ్సన్ సార్ కోప్పడలేదు. అదే నాకు ఇంకా మండింది. తాపీగా మూడు వీడియోలు వేసి చూపించాడు. ఎక్కడెక్కడివో ఊళ్లు, బురఖాలు వేసుకున్న ఆడవాళ్లు. నడిచినా, ఆగినా అంచులు తేలిగ్గా రెపరెపలాడుతున్నాయి. తర్వాత మా అవ్వ షాట్‌నే కొత్త సాఫ్ట్‌వేర్ చేసింది వేశాడు. అవ్వ ఆగగానే బురఖా మొత్తం జెండాలాగా వెనక్కి ఎగిరింది.

"వచ్చే నెల నుంచి గుడ్డలన్నీ ఇదే చేస్తుంది, చేత్తో గీసే పని ఇంక ఉండదు. అది చేసిందాన్ని దిద్దేదానికి మీ ఆఫీసులో ఒకరు కావాల. నీ పేరే అనుకున్నా. శుక్రవారం లోపల ఆ అంచు తేలిక చేసి పంపు. షాటూ నీదే, సీటూ నీదే. లేదంటే సాఫ్ట్‌వేర్‌దే పెట్టేస్తాం, సీటు ఇంకొకరికి పోతాది."

"అట్టాగే సార్," అన్నాడు విజయభాస్కరన్న నా తరఫున కూడా.

ఆ సాయంత్రం బస్టాండులో నేను నా బస్సు వదిలేసి బురఖాలు చూస్తూ నిలబడ్డాను. ఒకామె బస్సు అందుకోవడానికి పరుగెత్తి, అందక ఆగింది. అంచు గాలికి ఎగిరి ఊరుకుంది. ఇంకో ఇద్దరు వెళ్లారు, నలుగురు వెళ్లారు. ఒక్కరి అంచూ నేను గీసినట్టు ఊగలేదు. వంగి నా బురఖా అంచు చేత్తో పట్టుకుని చూసుకున్నాను. మడత లోపల వరసగా గుండ్లు, వేళ్లకు గట్టిగా తగిలాయి. పుట్టినప్పటినుంచి చూస్తున్నవే. అందరికీ ఉంటాయనుకున్నాను.

ఇంటికి పోయేసరికి మా నాయన లాల్ అహ్మద్ ముందు గదిలో మిషను మీద ఉన్నాడు. మా నాయన టైలరు. చుట్టుపక్కల ఊళ్లలో బురఖాలన్నీ ఆయన కుట్టినవే.

"నాయనా, అందరి బురఖాల్లోనూ గుండ్లు ఉండవా?"

"ఎందుకుంటాయి?" అన్నాడు మిషను ఆపకుండానే. "మన పక్కనోళ్లకే. సముద్రం గాలికి."

అప్పుడు చెప్పాడు. మా జేజి, అంటే నాయన తల్లి జమాల్‌బీ, వయసులో ఉన్నప్పుడు లంగాలూ లుంగీలూ మూటకట్టి నెత్తిన పెట్టుకుని తీరం వెంట జాలర్లుండే పట్టపుపాళేలకు పోయి అమ్మేది. ఒకరోజు గాలికి బురఖా లేచి తలమీదికి తిరగబడింది. కళ్లు కనబడక జేజి బోర్లాపడింది, మూటలో లంగాలన్నీ ఇసుకలో చెల్లాచెదురయ్యాయి. అక్కడ వల బాగుచేసుకుంటున్న వెంకటశేషమ్మ అనే బెస్తామె పడీ పడీ నవ్వి, తర్వాత లేచొచ్చి, పాత వలకున్న సీసం గుండ్లు గుప్పెడు కోసి జేజి చేతిలో పోసిందట. "వల మునిగేదానికి ఇవే, నీ గుడ్డ నిలబడేదానికీ ఇవే, కుట్టించుకో పో" అన్నదట. ఆ గుండ్లను అంచు మడతలో పెట్టి కుట్టింది మా నాయనే. అది చూసి అందరూ అడిగారు. నలభై ఏళ్లుగా ఆయన గుండ్లు లేని బురఖా ఎవరికీ కుట్టి ఇవ్వలేదు.

నేను మంచం మీద కూలబడ్డాను. డైరెక్టరుకు బురఖా సంగతి చెప్పబాకండి అన్న నోరు ఇదే కదా! బావిలో కప్పనని తేలిపోయింది, అదీ సముద్రం పక్కనుండే కప్పను. సిగ్గుతో అన్నం సరిగా తినలేకపోయాను.

మంగళవారం పోయి ఫైలు తెరిచాను. ఒప్పుకుంటున్నాను, దిద్దడానికే తెరిచాను. అంచులో బరువు తగ్గిస్తూ పోయాను. పన్నెండు ఫ్రేములు, పది, ఎనిమిది. ఎనిమిది దగ్గరకొచ్చేసరికి అంచు నీళ్లను తాకలేదు. అవ్వ ఒడ్డున నిలబడి కేక వేసింది, అంతే. పిల్ల మునిగినా తేలినా ఆమెకేం పట్టినట్టు లేదు. ఆమె ఏ ఊరిదో కూడా తెలియలేదు. నాకు ఒళ్లు మండిపోయింది. ఈ సీరియల్‌లో సముద్రం ఉంది, ఇసుక ఉంది, ఎదురుగాలి ఉంది. మా తీరంలో బతికే అవ్వ గుండ్లు లేకుండా ఈ ఇసుకలో పది అడుగులు పరుగెత్తగలదా? లోకంలో బురఖాలన్నీ ఎట్లా ఊగుతాయన్నది నేను తప్పు చెప్పి ఉండొచ్చు. ఈమెది ఎట్లా ఊగుతుందన్నది తప్పు చెప్పలేదు. తగ్గించిందంతా చెరిపేసి ఫైలు మూశాను.

ఇంట్లో ఇదంతా చెప్తుంటే జేజి ఆకూవక్కా నమలడం ఆపేసింది.

"నా బురఖా తప్పన్నాడా? ఎవుడు వాడు?"

"మా పెద్ద సారు జేజీ."

"పెద్దసారైతే? వాడు పడినాడా ఇసకలో బోర్లా? నేను పడినా."

గురువారం పొద్దున సెలవు పెట్టి జేజినీ నాయననూ కోడూరు తీరానికి తీసుకుపోయాను. నాయన చేతికి ఫోన్ ఇచ్చి కదలకుండా పట్టుకోమన్నాను. డెబ్బై నాలుగేళ్ల మనిషిని పరుగెత్తమనడం పాపమే, కానీ ఆమె నాకంటే తయారుగా ఉంది. చెప్పులు విడిచి పక్కన పెట్టింది.

"అవతల ఒక పాప తెప్ప మీద లోపలికి పోతా ఉండాది అనుకో జేజీ. పరిగెత్తి నీళ్ల దగ్గర ఆగాల."

"ఏ పాప?"

"ఊరికే అనుకో."

"ఊరికే ఎట్టా అనుకుంటారే? నువ్వు పో నీళ్లల్లోకి."

పోయాను. మోకాళ్ల దాకా, తొడల దాకా. అల ఒకటి పెద్దది వచ్చి నడుముకు కొట్టింది, కాలికింద ఇసుక జారింది, నేను తూలాను. అది నటన కాదు. ఒడ్డున జేజి అరుపు వినబడింది. "షాహనా! చాల్లే మే, రా!" తిరిగి చూస్తే ఆమె వస్తోంది. ముందుకు వంగి, ఇసుకలో కాళ్లు కూరుకుపోతూ, ఆ వయసులో పరుగు. నీళ్ల అంచుకొచ్చి ఆగింది. ఆగిన తర్వాత ఆమె బురఖా అంచు నా వైపుకు వచ్చింది. వచ్చి నీళ్లలో మునిగింది. ఆ షాట్‌ను నేను ఆరు రోజులు గీశాను గానీ పిల్ల నిలబడే చోటునుంచి ఒక్కసారీ చూడలేదు. నేను ఏడుస్తూ ఒడ్డుకొచ్చాను. జేజి నా వీపు మీద ఒక్కటి ఇచ్చింది.

"తీసినావా నాయనా?" అన్నాను.

"తీసినా," అన్నాడు మా నాయన. "ఇంకోసారి తియ్యమంటే నా వల్ల కాదు."

మధ్యాహ్నం ఆఫీసుకు పోయి ఆ వీడియోను మా లెక్కలోకి మార్చి ఫ్రేము ఫ్రేమూ చూశాను. జేజి ఆగిన దగ్గరనుంచి అంచు నిలిచేదాకా లెక్కపెట్టాను. పదిహేడు. మళ్లీ లెక్కపెట్టాను. పదిహేడే. నేను చేసింది పద్నాలుగు. ఇన్ని మాటలు మాట్లాడిన నేనే తక్కువ చేశాను. కూర్చుని ఆ మూడూ కలిపాను. అంచు ఇంకాస్త లోపలికి పోయి, ఇంకాస్త నిదానంగా తిరిగొచ్చింది.

శుక్రవారం కాల్‌కు ముందు విజయభాస్కరన్న నా దగ్గరకొచ్చి గొంతు తగ్గించి అడిగాడు. "దిద్దినావా అమ్మా?"

"దిద్దినాను అన్నా. చూడు."

చూశాడు. నా షాట్, జేజి వీడియో, రెండూ చూశాడు. తన కుర్చీకి పోయి రెండూ మళ్లీ వేసుకున్నాడు.

జడ్సన్ సార్‌కు రెండూ వేసి, గుండ్ల సంగతంతా చెప్పాను. సోమవారం నేనన్న మాట తప్పని కూడా చెప్పాను. ఆయన గడ్డం రుద్దుకుంటూ విన్నాడు.

"బాగుండాది. నిజంగానే బాగుండాది. మాది కావలి, నాకే తెలియదు ఈ సంగతి. అందుకే చెప్తా ఉండా. ఎవరికి తెలుస్తాది ఇది? రాష్ట్రమంతా చూసే సీరియల్. చూసినోళ్లు తప్పు చేసినారనే అనుకుంటారు. ఎనిమిది ఫ్రేములు ఉంచుకో, నేను ఒప్పుకుంటా."

"పదిహేడు సార్."

"పోయినసారి పద్నాలుగే కదా?"

"అప్పుడు తప్పు చేసినాను. ఇప్పుడు దిద్దినాను."

ఎవరో కిసుక్కున నవ్వి ఆపుకున్నారు. జడ్సన్ సార్ మాత్రం నవ్వలేదు. "తగ్గించమంటే పెంచినావు. సరే. విజయభాస్కర్, సాఫ్ట్‌వేర్‌ది పెట్టేయి. ఆరుగంటలకల్లా ఎపిసోడ్ పంపాల."

అట్టాగే సార్ అనే మాట కోసం అందరం ఎదురుచూశాం. నేను అప్పటికే లేచి బ్యాగు తీసుకున్నాను. నా నాలుగు సెకన్లు పోయాయి, ఇక ఈ కుర్చీ ఎందుకు అనుకున్నాను. విజయభాస్కరన్న కళ్లద్దాలు తీసి, చొక్కా కొసతో తుడిచి, పెట్టుకున్నాడు. అంతసేపూ స్క్రీన్ మీద జడ్సన్ సార్ కాచుకుని ఉన్నాడు.

"పెట్టను సార్," అన్నాడు విజయభాస్కరన్న.

"ఏందీ?"

"ఆ ముసలామె కేక వేసినప్పుడు నేను కుర్చీలోంచి లేచినాను సార్, తెలియకుండానే. ఈ పాప చేసిన షాట్‌కూ లేచినాను. సాఫ్ట్‌వేర్‌ది మూడుసార్లు చూసినా, లేవలా." ఆయన కుర్చీని బల్ల దగ్గరకు లాక్కున్నాడు. "ఆ షాట్ మార్చమని నేను ఎవరికీ చెప్పను. మా ఆఫీసులో ఎవరూ ముట్టుకోరు. మీరే మార్చుకోవాలంటే ఎపిసోడ్ అంతా తిరిగి కూర్చుకోవాల సార్, ఆరుగంటలకు కాదు."

నేను బ్యాగు పట్టుకుని అట్లాగే నిలబడిపోయాను. ఎవరూ కీబోర్డు ముట్టుకోలేదు. జడ్సన్ సార్ గడియారం చూసుకున్నాడు.

"సరే. షాట్ పోనీ," అన్నాడు చివరికి. "పదిహేడే ఉండనీ. కానీ షాహనా, సీటు మాట మర్చిపో. నా మాట దిద్దేవాళ్లను నేను దిద్దే పనికి పెట్టుకోలేను."

"పెట్టుకోబాకండి సార్," అన్నాను. "షాట్ మాత్రం ముట్టుకోబాకండి."

అక్కడ ధైర్యంగానే అన్నాను. బస్సులో కిటికీ వైపు తిరిగి ఇంటిదాకా ఏడ్చాను. నాలుగేళ్లు ఆ కుర్చీలో కూర్చున్నాను, ఆ పని నాకు ప్రాణం. పోయినందుకు బాధ లేదని చెప్తే అబద్ధం. ఒప్పుకుని ఉంటే బాగుండునని మాత్రం ఒక్క నిమిషం కూడా అనుకోలేదు. నెలాఖరున నా సామాను తెచ్చుకున్నాను.

ఎపిసోడ్ ఆ తర్వాత మూడో ఆదివారం వచ్చింది. జేజి ఇప్పటికీ అప్పుడప్పుడు అమ్మబోతుంది, ఆ పొద్దున ఆమె లంగాల మూట నేను మోసుకుంటూ ఆమె వెంట పట్టపుపాళెం పోయాను. వెంకటశేషమ్మ పందిరి కింద వల ముందేసుకుని కూర్చుని ఉంది. ఇప్పుడు ఆమెకు కళ్లు అంతంత మాత్రం. జేజీ ఆమే పలకరింపులూ తిట్లూ అన్నీ అయ్యాక, నేను ఫోన్‌ను తట్టకు ఆనించి పెట్టి, పిల్లల బొమ్మల కథ వస్తుంది చూడవ్వా అన్నాను. నేను చేశానని చెప్పలేదు. అందులో బురఖా అవ్వ ఉందనీ చెప్పలేదు. జేజినీ చెప్పొద్దన్నాను.

వెంకటశేషమ్మ వల ముడులు వేసుకుంటూనే చూసింది. గంగాభవాని అల్లరికి ఒకటి రెండుసార్లు నవ్వింది. గాలివాన మొదలైంది. పిల్ల తెప్ప తోసింది. అవ్వ పరుగెత్తుకొచ్చింది. ఆ ముఖం హైదరాబాదులో గీసింది, గుండ్రంగా, తెల్లగా, పెద్ద కళ్లద్దాలతో, మా జేజి పోలిక ఎక్కడా లేదు. అవ్వ ఆగింది. అంచు ముందుకు ఊగి, అలలో మునిగి, తిరిగొచ్చి మడమలకు తగిలింది.

వెంకటశేషమ్మ చేతిలో వల జారిపోయింది.

"మే జమాలూ!" అన్నది జేజి భుజం పట్టుకుని ఊపేస్తూ. "ఈ ముసిల్దెవరే? దాని గుడ్డలో ఉండేవి నా వల గుండ్లు!"

జేజి నోటికి బురఖా కొస అడ్డం పెట్టుకుంది. నేను వాళ్లిద్దరినే చూస్తున్నాను.

"చూస్తా ఉండావేందే పిల్లా? మళ్లీ పెట్టు," అన్నది వెంకటశేషమ్మ.

పెట్టాను. ఇంకోసారి అన్నది, ఇంకోసారి పెట్టాను. పక్క పందిళ్లలోంచి వల పని ఆపుకుని నలుగురైదుగురు వచ్చి చుట్టూ కూర్చున్నారు. వాళ్లకూ మొదటినుంచి పెట్టాను. ఎన్నిసార్లడిగినా పెడతాను, నాకిప్పుడు తీరికే.